తామర క్రీము రాస్తే తగ్గి, ఆపితే మళ్లీ వస్తోందా? ముందు ట్యూబు వెనక చదవండి

చెల్లెమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆరు నెలలుగా తొడల మధ్య తామర ఉందన్నారు. గుణుపూర్‌లో మెడికల్ షాపులో ఇచ్చిన క్రీము రాస్తే నాలుగు రోజుల్లో దురద పోతోందని, ఆపిన పది రోజులకు అంతకంటే పెద్దగా వస్తోందని రాశారు. ఇప్పుడు నాలుగేళ్ల పాపకు బుగ్గ మీద గుండ్రంగా మచ్చ లేచింది, అదే క్రీము రాయొచ్చా అని అడిగారు.

పాపకు రాయకండి. మిగతాదంతా తీరిగ్గా చదవండి గానీ, ఈ ఒక్కటి మాత్రం ఇప్పుడే మనసులో పెట్టుకోండి.

నేను డాక్టర్ని కాదు. నేనూ మీలాగే ఒడిశాలోనే ఉంటాను, రాయగడలో ఇంట్లోనే బట్టలు కుడతాను. పొద్దున్నుంచి రాత్రి దాకా మిషన్ మీద కూర్చునే పని. మీరు రాసింది నాకు అచ్చం అలాగే జరిగింది. తొమ్మిది నెలలు ఒక క్రీము రాశాను, ఆ తర్వాత దాన్ని వదిలించుకోవడానికి ఇంకో అయిదు నెలలు పట్టింది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మా వీధి చివర షాపుకు వెళ్లి సిగ్గుపడుతూ "జాదు మలమ" ఇవ్వమని అడిగాను. తామరను ఒడియాలో జాదు అంటారని మీకు తెలుసు కదా, తెలుగులో తామర అని పైకి చెబితే పక్కనున్న మనవాళ్లు వింటారని ఒడియాలో అడిగాను. ఎక్కడ, ఎన్నాళ్ల నుంచి, ఎవరికి అని ఒక్క మాట అడగలేదు, ట్యూబు చేతిలో పెట్టారు. రాసిన రెండో రాత్రికే దురద పోయింది. అప్పటిదాకా నిద్రలేక ఏడ్చిన దాన్ని, ఆ ట్యూబును దేవుడిలా చూశాను. వారం రాసి మానేశాను. మళ్లీ వచ్చింది. మళ్లీ కొన్నాను. అలా తొమ్మిది నెలలు. మొదట రూపాయి బిళ్లంత ఉన్న మచ్చ, చివరికి రెండు తొడలూ దాటి పిరుదుల మీదికి, లంగా బొందు కట్టుకునే చోట నడుం చుట్టూ వచ్చేసింది. చుట్టూ ఒక అంచు, దాని లోపల ఇంకో అంచు, వలయంలో వలయంలా.

ఆ ట్యూబులో ఏముందో నేను తొమ్మిది నెలల్లో ఒక్కసారి కూడా చదవలేదు. చదవాలని తెలియదు. మా మేనల్లుడు ఫోను కెమెరాతో ఫొటో తీసి పెద్దది చేసి చూపించాడు. మీరూ ఈ పని ఇవాళే చెయ్యండి. ట్యూబు వెనక, మడత దగ్గర, చీమ తలకాయంత అక్షరాలతో మందుల పేర్లు ఉంటాయి. ఒక్క పేరే ఉంటే ఒక సంగతి, మూడు నాలుగు పేర్లు వరసగా ఉంటే వేరే సంగతి.

తామర తెచ్చేది ఫంగస్, అంటే బూజు లాంటిది. దాన్ని చంపే మందుల పేర్లు ఇవి: క్లోట్రిమజోల్, మైకొనజోల్, కీటోకొనజోల్, లులికొనజోల్, సెర్టకొనజోల్, టెర్బినాఫిన్. తామరకు కావలసింది వీటిలో ఏదో ఒకటి. వీటి పక్కన క్లోబెటాసోల్, బీటామెథాసోన్, బెక్లోమెథాసోన్, మొమెటాసోన్, ఫ్లుయోసినోలోన్ లాంటి పేరు కనిపిస్తే అది స్టెరాయిడ్. జెంటామైసిన్, నియోమైసిన్, ఆఫ్లోక్సాసిన్ అనేవి యాంటీబయోటిక్స్, బ్యాక్టీరియా మీద పనిచేస్తాయి, తామర మీద కాదు. వినడానికి క్లోబెటాసోల్, క్లోట్రిమజోల్ అక్కాచెల్లెళ్ల పేర్లలా ఉంటాయి, నేనూ అలాగే అనుకున్నాను. క్లోట్రిమజోల్ ఫంగస్‌ను చంపుతుంది, క్లోబెటాసోల్ ఫంగస్‌కు నీడనిస్తుంది. నా ట్యూబులో నాలుగు పేర్లు ఉన్నాయి, అందులో ఒకటి క్లోబెటాసోల్. చర్మానికి రాసే స్టెరాయిడ్లలో చాలా బలమైన రకం అది.

స్టెరాయిడ్ ఏం చేస్తుందో, చివరికి నేను చూపించుకున్న చర్మ డాక్టరమ్మ నాకు చెప్పిన తీరులోనే చెప్తాను. దురద, ఎరుపు, మంట అనేవి మన ఒళ్లు ఫంగస్‌తో పోట్లాడుతోందనడానికి గుర్తు. స్టెరాయిడ్ ఆ పోట్లాటను ఆపేస్తుంది. అందుకే రెండు రోజుల్లో హాయిగా ఉంటుంది. ఫంగస్ మాత్రం చావదు, అడ్డు లేకుండా చర్మంలో పక్కకు పాకుతుంది. క్రీము ఆపగానే ఒళ్లు మళ్లీ పోట్లాట మొదలుపెడుతుంది, అప్పటికి పాకిన మేరంతా ఒక్కసారి ఎర్రబడుతుంది. మనం మళ్లీ అదే ట్యూబు కొంటాం. నిజానికి స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు, కొన్ని చర్మరోగాలకు డాక్టర్లే రాస్తారు. తామరకు సొంతంగా నెలల తరబడి రాసుకోవడమే ప్రమాదం. ఈ బెడద దేశమంతా ఉంది. అందుకే 2018లో కేంద్రం ఈ స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. మీకు చీటీ అడగకుండా ఇచ్చారంటే మీ తప్పేమీ లేదు, చీటీ అడగాల్సిన బాధ్యత షాపు వాళ్లది.

నాకు మిగిలింది ఏంటంటే, రెండు తొడల లోపలి వైపూ చారలు. కాన్పు తర్వాత పొట్ట మీద ఉంటాయే, అలాంటివి, వేలు పెట్టి చూస్తే లోపలికి గుంట తగులుతుంది. అక్కడ చర్మం ఉల్లిపొరలా పల్చబడి మెరుస్తూ ఉండేది, గోరు తగిలినా చీరుకుపోయేది. మందు మార్చాక చర్మం కొంత కోలుకుంది. చారలు పోలేదు, రంగు వెలిసింది అంతే. పాపకు ఆ క్రీము వద్దని మొదటే చెప్పింది ఇందుకే. పిల్లల చర్మం పల్చన, మందు ఒంట్లోకి ఎక్కువ ఇంకుతుంది. పైగా బుగ్గ మీద, కంటికి దగ్గర. డైపర్ కట్టే పసిపిల్లలకైతే ఆ మూతలో మందు మరీ ఎక్కువగా ఇంకుతుంది. పాప మచ్చ తామరో కాదో డాక్టరు చూసి, ఒక్క మందే ఉన్న క్రీము రాస్తారు. తలలో కూడా పొలుసులు, జుట్టు ఊడిన మచ్చలు ఉన్నాయేమో దువ్వుతూ చూడండి. తలలో తామరకు క్రీము పనిచెయ్యదు, మాత్రలు వాడాలి. ఇంట్లో పిల్లి పిల్లతో గానీ కుక్క పిల్లతో గానీ ఆడుకుంటుంటే ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పండి, పిల్లలకు వాటి నుంచి కూడా అంటుకుంటుంది.

నేను చివరికి విశాఖపట్నం వెళ్లి చర్మ డాక్టరమ్మకు చూపించుకున్నాను. ఆడ డాక్టరు కావాలని వెతుక్కునే వెళ్లాను, సిగ్గు అనుకోకండి, అలా వెతుక్కోవచ్చు. ఆవిడ చిన్న బ్లేడు అంచుతో మచ్చ చివర పొలుసు గీరి గాజుపలక మీద వేశారు, దాని మీద ఒక చుక్క మందు వేసి మైక్రోస్కోపులో చూశారు. నొప్పి లేదు. ఆ చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్ అట, పొలుసును కరిగిస్తే ఫంగస్ దారాలు కనపడతాయి. షుగర్ పరీక్ష, లివర్ పరీక్ష చేయించి, ఒక్క మందు ఉన్న క్రీము, మాత్రలు రాశారు. నేను అన్ని నెలలు స్టెరాయిడ్ రాశాను కాబట్టి క్రీము ఒక్కటే చాలదన్నారు. మీకూ బహుశా అలాగే చెప్తారు. స్టెరాయిడ్ ఆపిన మొదటి వారం పది రోజులు ఎరుపూ మంటా పెరిగాయి. ముందే చెప్పారు కాబట్టి తట్టుకున్నాను, లేకపోతే టెన్షన్‌తో మళ్లీ పాత ట్యూబు దగ్గరికే పరిగెత్తేదాన్ని.

ఇక క్రీము రాసే పద్ధతి. ఇది కూడా నేను తప్పుగానే చేశాను, కాబట్టి వివరంగా రాస్తాను.

స్నానం చేశాక ఆ చోటు మెత్తటి గుడ్డతో అద్ది, అయిదు పది నిమిషాలు ఫ్యాను కింద ఆరనివ్వండి. తడి మీద క్రీము రాస్తే చర్మం నానుతుంది, ఫంగస్‌కు అదే కావాలి. మచ్చ మీద మాత్రమే రాసి వదిలెయ్యకండి. తామర పెరిగేది అంచు నుంచి. అంచు దాటి రెండు సెంటీమీటర్లు, అంటే దగ్గర దగ్గర బొటనవేలి వెడల్పు, మంచి చర్మం మీద కూడా రాయాలి. బయటి నుంచి లోపలికి రాయమన్నారు మా డాక్టరమ్మ. తెల్లగా పేరుకునేలా పూయక్కర్లేదు, పల్చగా రాసి మెల్లగా రుద్దితే చాలు. పైన బిగుతుగా కట్టు కట్టకండి. రాశాక చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆ చేత్తో కళ్లు నులుముకున్నా, పాప అన్నం కలిపినా ఇబ్బందే. క్లోట్రిమజోల్ అయితే మామూలుగా రోజుకు రెండుసార్లు, లులికొనజోల్ ఒకసారి. మీ చీటీలో ఎన్నిసార్లని ఉంటే అన్నిసార్లే. ఎక్కువ రాస్తే త్వరగా తగ్గదు, మంట పుడుతుంది.

ఎంత రాయాలో కూడా ఒక కొలత ఉంది. చూపుడువేలి మొదటి గీత నుంచి వేలి కొస దాకా ట్యూబు నొక్కి గీత గీస్తే అది సుమారు అర గ్రాము. అది వేళ్లతో సహా పెద్దవాళ్ల రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. నాకు రెండు తొడలూ నడుమూ కలిపి పూటకు రెండు గీతలు పట్టేది, అంటే రోజుకు రెండు గ్రాములు. పదిహేను గ్రాముల ట్యూబు వారానికి అయిపోయేది. ఇంతకు ముందు ఒక్క ట్యూబును నెలన్నర సాగదీసేదాన్ని, డబ్బు మిగులుతుందని. మందు చాలకపోతే తగ్గదు.

ఎన్నాళ్లు అనేదే అందరూ తప్పే చోటు. దురద పోవడం వేరు, ఫంగస్ పోవడం వేరు. మచ్చ పూర్తిగా చదునై, పొలుసు పోయి, నల్లటి రంగు మాత్రం మిగిలాక కూడా ఇంకో రెండు వారాలు రాయమన్నారు నన్ను. ఆ నల్ల రంగు తామర కాదు, మచ్చ మానిన గుర్తు, నెలల మీద అదే వెలుస్తుంది. దాన్ని పోగొట్టాలని తెల్లబడే క్రీములు రాయకండి, వాటిలో కూడా స్టెరాయిడ్ కలిపినవి ఉంటాయి. రెండు మూడు వారాలు సరిగ్గా రాసినా అంచు పాకుతూనే ఉంటే క్రీమును మీకు మీరే మార్చుకోకుండా మళ్లీ డాక్టరుకు చూపించండి. మన దేశంలో ఇప్పుడు బాగా వ్యాపించిన తామర ఫంగస్‌కు 2020లో ట్రైకోఫైటన్ ఇండోటినీ అని పేరు పెట్టారు, దానిలో చాలా రకాలు టెర్బినాఫిన్‌కు సరిగ్గా లొంగవు. అందువల్ల తగ్గకపోవడం మీ శుభ్రత లోపమే అనుకుని బాధపడకండి.

మొదట్లో కొంచెం చురుక్కుమంటే పరవాలేదు. నీటి పొక్కులు, రసి కారడం, వాపు, ఒళ్లంతా దద్దుర్లు వస్తే వెంటనే ఆపి చూపించండి. మీరు మళ్లీ గర్భంతో ఉన్నా, పాలిస్తున్నా ముందే చెప్పాలి. ఇంట్లో ఎవరైనా రక్తం పల్చబడేందుకు వార్ఫరిన్ వాడుతుంటే మైకొనజోల్ క్రీము కూడా అడక్కుండా రాయకూడదు. తామర మాత్రలు షాపులో అడిగి మింగకండి, వాటిలో కొన్ని లివర్‌ను, కొన్ని గుండెను దెబ్బతీయగలవు. వాడే ఇతర మాత్రలతో కూడా తగాదా పడతాయి. దురదకని ఊళ్లో ఇంజెక్షన్ వేస్తామంటే అసలు ఒప్పుకోకండి, అది కూడా చాలాసార్లు స్టెరాయిడే.

మా అత్తయ్య వెల్లుల్లి నూరి కట్టింది, మంచి ఉద్దేశంతోనే. తెల్లారేసరికి కాలిన పొక్కు లేచింది. కిరసనాయిలు, బ్యాటరీ నీళ్లు రాసుకున్న వాళ్లు కూడా మా వీధిలో ఉన్నారు. తొడల మధ్య చర్మం పాదం చర్మం లాంటిది కాదు, దానిమీద ఇవేవీ వద్దు. రైళ్లలో అమ్మే చురుకు మందులూ అంతే, వాటిలో పొర ఊడదీసే యాసిడ్లు ఉంటాయి.

నా క్రీము సరైనదయ్యాక కూడా తామర ఒకసారి తిరిగి వచ్చింది. కారణం మా ఇంట్లోనే ఉంది. డాక్టరమ్మ మా ఆయన్ని కూడా తీసుకురమ్మన్నారు. ఆయనకు మొలతాడు కింద సన్నగా ఎర్రటి గీత, ఎన్నడూ చెప్పలేదు. ఆ మొలతాడు ఏళ్ల నాటిది, చెమట పీల్చి నల్లబడి గట్టిపడింది. ఫంగస్ అందులో కూర్చుని రోజూ చర్మానికి అంటుకుంటూ ఉంటుందట. తీసెయ్యమంటే అత్తయ్య ససేమిరా అంది, భార్య బతికుండగా మొగాడు మొలతాడు తియ్యడమేంటి అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆవిడ బాధ నాకు అర్థమైంది. తగ్గేదాకా తీసి ఉంచుదాం, తగ్గాక కడిగి తుడుచుకోవడానికి వీలుగా వెండి మొలతాడు వేద్దాం అని మా ఆయనే ఒప్పించారు. పాత నూలుది అత్తయ్యే నాగావళి నదిలో వదిలేసి వచ్చింది. మీ ఇంట్లో మీ వారికి, పాపకు నడుముకు దారం ఉంటే ఈ మాట గుర్తుంచుకోండి. ఇంట్లో ఎవరికి మచ్చ ఉన్నా అందరికీ ఒకేసారి వైద్యం జరగాలి.

మనకు లంగా బొందు కూడా అలాంటిదే. ఒకే చోట బిగించి కట్టుకుంటే చెమట అక్కడే నిలుస్తుంది. నేను బొందు తీసేసి వెడల్పు పట్టీ కుట్టుకున్నాను, రోజూ మారుస్తాను. లోదుస్తులు వదులుగా, నూలువి. ఉతికేటప్పుడు మచ్చ ఉన్నవాళ్ల బట్టలు వేరుగా, వీలైతే వేడినీళ్లలో. వానాకాలంలో మన కొండల నడుమ బట్టలు మూడు రోజులైనా ఆరవు కదా, సగం తడివే వేసుకుంటాం. కుట్టేదాన్ని కాబట్టి చెప్తున్నాను, బట్ట ఆరినట్టున్నా కుట్లలో, ఎలాస్టిక్ మడతలో తడి ఉంటుంది. లోదుస్తులు తిరగేసి ఆ కుట్ల మీద ఇస్త్రీ పెట్టె నిదానంగా నడపండి. తుండు ఎవరిది వారికి. ఒకే సబ్బు అందరూ రుద్దుకోవడం కూడా మానెయ్యండి.

ఇంకొక్కటి. ప్రతి మచ్చా తామర కాదు. రాత్రిళ్లు ఇంటిల్లిపాదికీ దురద, వేళ్ల సందుల్లో చిన్న పొక్కులు ఉంటే అది గజ్జి కావచ్చు, దానికి ఈ క్రీములు పనిచెయ్యవు. మచ్చ పాలిపోయి, దురద లేకుండా, పిన్నీసు తాకించినా తెలియకపోతే అది కుష్టు కావచ్చు. మన ఒడిశా జిల్లాల్లో అది ఇంకా ఉంది. దానికి మందు ఉంది, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు, త్వరగా మొదలుపెడితే వేళ్లు, కళ్లు దెబ్బతినవు. అలాంటి మచ్చ మీద తామర క్రీము రాస్తూ నెలలు గడిపిన మనిషిని నేను చూశాను. అందుకే ఇది చెప్పకుండా ఉండలేకపోయాను.

మీకు విశాఖ దూరం అనుకుంటే ముందు గుణుపూర్ ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ, రాయగడ జిల్లా ఆసుపత్రిలో గానీ చూపించండి. రాసిన మందు నిరామయ కౌంటర్‌లో, అంటే ఒడిశా ప్రభుత్వం ఉచితంగా మందులిచ్చే చోట, ఉందేమో అడగండి, ఉంటే డబ్బు కట్టక్కర్లేదు. పెద్ద డాక్టరు కావాలంటే బ్రహ్మపురంలో ఎంకేసీజీ, కొరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. వెళ్లే ముందు కొన్ని రోజులు మచ్చ మీద ఏ క్రీమూ రాయకండి, గీరి చూసే పరీక్షలో ఫంగస్ సరిగ్గా కనపడాలంటే అదే మంచిది. ఇప్పటిదాకా వాడిన ట్యూబులు ఖాళీవైనా పారెయ్యకండి, అట్టపెట్టెలతో సహా ఒక కవర్లో వేసి పట్టుకెళ్లండి. ఏమేం రాశారో నోటితో చెప్పడం కంటే అవి బల్ల మీద పెట్టడం తేలిక. ట్యూబు వెనక ఫొటో ఇక్కడ పెడితే ఏ పేరు ఏమిటో చదివి చెప్తాను, పాపకు ఎలా ఉందో కూడా రాయండి.